దూరపు కొండలు
(మహాసభల్లో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లాపాపలతో, అమ్మానాన్నలతో కలిసి మనకు దగ్గర్లో ఉన్న కొండలు, పార్కుల్లో నడవడం గురించి చెప్పమన్నారు నిర్వాహకులు. అదీ మధ్యాహ్నం భోజనాల తర్వాత! పులిహోర, బూరెలు తిని కూర్చున్నవాళ్ళకి నడక మీద ఉపన్యాసం ఎక్కదని నాకు తెలుసు. అందుకే ఉపన్యాసం మానేసి, నేను చేసిన ఒక తప్పు చెబుతాను.

మేం కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌లో ఉంటాం. ఊరిని ఆనుకుని మిషన్ పీక్ అనే కొండ ఉంది. ఎత్తు 2,517 అడుగులు. 680 ఫ్రీవే మీద వెళుతుంటే వేసవిలో పండిన వరిచేను రంగులో నున్నగా కనిపిస్తుంది. దూరపు కొండలు నునుపని మన పెద్దలు ఊరికే అనలేదు. స్టాన్‌ఫర్డ్ అవెన్యూ వైపు నుంచి శిఖరానికి సుమారు మూడు మైళ్ళు. ఆ మూడు మైళ్ళలో రెండు వేల అడుగులకు పైగా ఎక్కాలి. దారిలో నీడ దాదాపు లేదు.

2014 జూన్‌లో అమ్మా నాన్నగారూ మా దగ్గరికి వచ్చారు. అప్పుడు మా అబ్బాయికి ఏడేళ్ళు. ఒక శనివారం ఇడ్లీలు తిని, కాఫీలు తాగి, తీరిగ్గా పదిన్నరకు కొండ దగ్గరికి చేరాం. ఐదుగురికీ కలిపి నాలుగు చిన్న నీళ్ళ సీసాలు. నాన్నగారి కాళ్ళకు చెప్పులు. “తిరుమల కొండ మెట్లెక్కిన మనిషికి ఇదొక లెక్కా?” అన్నాను. ఆయన మెట్లెక్కింది పాతికేళ్ళ కిందటని, ఆ దారిలో నీడా నీళ్ళూ ఉంటాయని నాకు తట్టలేదు.

సగం దూరం దాటాక నాన్నగారు ఒక బండ మీద కూర్చున్నారు. “ఒరేయ్, మీరెళ్ళి రండి. నేనిక్కడే ఉంటాను” అన్నారు. శిఖరం మీద ఒక స్తంభం ఉంది. అది పట్టుకుని ఫోటో దిగాలని మా అబ్బాయి పట్టు. అమ్మనీ మా ఆవిడనీ ఆయన దగ్గర ఉంచి, అరగంటలో వస్తామని చెప్పి మేమిద్దరం పైకి పోయాం. ఫోటో కోసం అక్కడొక వరస! తిరిగి వచ్చేసరికి గంటన్నర దాటింది. నాన్నగారి ముఖం కందిపోయి ఉంది, మాట తడబడుతోంది. ముక్కూ ముఖం తెలియని ఒకావిడ తన నీళ్ళు ఆయన తలమీద పోస్తోంది. మా ఆవిడ అప్పటికే 911కి ఫోన్ చేసింది. పార్కువాళ్ళ బండిలో ఆయన్ని కిందికి తీసుకెళ్ళారు. దేవుడి దయవల్ల సాయంత్రానికి తేరుకున్నారు.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఆ తర్వాత మూడు నెలలు గడప దాటలేదు. “మీకెందుకురా నా వల్ల ఇబ్బంది” అనేవారు. నాలుగు గోడల మధ్య టీవీ చూస్తూ కూర్చునే అమ్మానాన్నల్ని మీలో చాలామంది చూసే ఉంటారు. మా ఇంట్లో ఆ పరిస్థితి నేనే తెచ్చాను.

అక్టోబరులో, వాళ్ళ తిరుగు ప్రయాణానికి ముందు, బతిమాలి కయోటీ హిల్స్ పార్కుకు తీసుకెళ్ళాను. అది బే ఒడ్డున, డంబార్టన్ వంతెనకు దగ్గర్లో ఉంది. ఓలోనీ ఆదివాసులు రెండు వేల ఏళ్ళ కిందటే కాపురం ఉన్న చోటు. చిన్న గుట్టలు, తుంగ పెరిగిన చిత్తడి నేలలు. బేవ్యూ ట్రెయిల్ అనే చుట్టు దారి మూడున్నర మైళ్ళు. ఈసారి నాన్నగారిని ముందు నడవమని, మేం వెనక నడిచాం.

ఒక మలుపులో ఆయన ఆగిపోయారు. నీళ్ళలో తెల్లటి పక్షులు బారుగా ఈదుతూ చేపల్ని తరుముతున్నాయి. “గూడబాతులురా!” అన్నారు. మాది కైకలూరు పక్కన పల్లె. కొల్లేటి గూడబాతులు కాస్త బూడిద రంగని, ఇవి తెల్లగా ఉన్నాయని, చిన్నప్పుడు వాటి గూళ్ళు చూడటానికి పడవలో వెళ్ళి తన్నులు తిన్నానని మనవడికి చెప్పారు. వాడు ఆపకుండా అడుగుతూనే ఉన్నాడు, వచ్చీరాని తెలుగులో. ఆదివారం తెలుగు బడిలో నోరు విప్పని పిల్లాడు! మేం రెండు మైళ్ళైనా నడిచామో లేదో, మూడు గంటలు పట్టింది. ఆ వారం నాన్నగారే “మళ్ళీ ఎప్పుడురా?” అని అడిగారు.

నేను నేర్చుకున్న నాలుగు ముక్కలు చెప్పి ముగిస్తాను. అందరికంటే నెమ్మదిగా నడిచేవారిని ముందు పెట్టండి. ఎవరైనా కూర్చుండిపోతే అందరూ ఆగండి, వాళ్ళని వదిలి పైకి పోవద్దు. వేసవిలో పొద్దున్నే బయల్దేరండి. మనిషికి గంటకు కనీసం అర లీటరు నీళ్ళు, ఎండలో ఇంకా ఎక్కువ ఉంచుకోండి. నీళ్ళు సగం అయ్యేలోపు వెనక్కి తిరగండి, శిఖరం కంటి ముందే ఉన్నా సరే. కాళ్ళకు బూట్లు వేసుకోండి. దారి దిగి పొదల్లోకి వెళ్ళకండి. పాయిజన్ ఓక్ ఆకులు మూడేసి ఉంటాయి, తగిలితే దద్దుర్లు, పొక్కులు. అమ్మకు చూపిస్తే, “బట్టలకు గుర్తులు పెట్టే నల్లజీడి రసం తగిలినా ఇంతే” అంది. రెండూ ఒకే కుటుంబానికి చెందిన మొక్కలట, తర్వాత తెలిసింది. ఇంటికి రాగానే టిక్స్ అనే పిడుదులు పట్టాయేమో పిల్లల ఒళ్ళు చూడండి.

నాన్నగారు 2019లో పోయారు. మా అబ్బాయి ఇప్పుడు కాలేజీలో ఉన్నాడు. ఆనాటి స్తంభం ఫోటో ఎక్కడుందో వాడికి గుర్తు లేదు. సెలవులకు వచ్చినప్పుడు మాత్రం, “నాన్నా, గూడబాతుల దగ్గరికి వెళ్దామా?” అంటాడు. ఆ మాట తెలుగులోనే అంటాడు.

మీ ఊళ్ళోనూ ఇలాంటి పార్కు ఏదో ఒకటి ఉండే ఉంటుంది. మీ అమ్మానాన్నలు ఇక్కడుండగానే ఒకసారి తీసుకెళ్ళండి. వాళ్ళ వెనక నడవండి.