పళ్ళెంలో దాక్కున్న పిండి



పొద్దు గూకితే చాలు, బస్టాండు దగ్గర నూడుల్స్ బండి ముందు జనం చేరతారు. పెద్ద మంట. నల్లటి ఇనుప బాణలి. టకటకమని గరిటె చప్పుడు. వెల్లుల్లి వాసన వీధి చివరిదాకా వస్తుంది. ఒకప్పుడు పెద్ద పట్నాల్లోనే దొరికిన చైనా తిండి ఇప్పుడు మండల కేంద్రాల్లోనూ దొరుకుతోంది.

షుగరు జబ్బు కూడా పట్నం దాటి పల్లెకు వచ్చింది. భారత వైద్య పరిశోధన మండలి తరఫున దేశమంతా ఒక పెద్ద సర్వే జరిగింది. దాని లెక్క 2023లో అచ్చయింది. ఆ లెక్క ప్రకారం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు జబ్బు ఉంది.

షుగరు ఉన్న ఒక తల్లి ఉందనుకోండి. డాక్టరమ్మ ఆమెను అన్నం తగ్గించమంది. తల్లి తగ్గించింది. ఒకనాటి రాత్రి పిల్లలు ఆమెను బండి దగ్గరికి లాక్కెళ్ళారు. పిల్లలు ఫ్రైడ్ రైస్ తిన్నారు.

"నాకు అన్నం వద్దు. గోబీ మంచూరియా చాలు. అది కూరగాయే కదా!" అంది తల్లి.

తిన్న రెండు గంటలకు రక్తం పరీక్ష చేస్తే చక్కెర బాగా పెరిగి ఉంది. "అన్నం ముట్టనే లేదే! ఎలా పెరిగింది?" అని ఆమె ఆశ్చర్యపోయింది.

ఆమె అబద్ధం ఆడలేదు. అన్నం ముట్టలేదు. కాని పిండి తినేసింది.

అన్నం, రొట్టె, నూడుల్స్, బంగాళాదుంప – వీటిలో ఎక్కువగా ఉండేది పిండి పదార్థం. అది కడుపులో అరిగి చక్కెరగా మారుతుంది. రక్తంలో కలుస్తుంది. నాలుకకు తియ్యగా లేకపోయినా సరే, చివరికి అది చక్కెరే.

100 గ్రాముల ఉడికిన అన్నంలో సుమారు 28 గ్రాముల పిండి పదార్థం ఉంటుంది. అంతే బరువు ఉడికిన నూడుల్స్‌లో సుమారు 25 గ్రాములు ఉంటుంది. అంటే అన్నం మాని నూడుల్స్ తిన్నా పెద్ద తేడా లేదు.

మరి గోబీ సంగతి? 100 గ్రాముల గోబీ పువ్వులో పిండి పదార్థం సుమారు 5 గ్రాములే. గోబీ మంచిదే. దాని మీద తొడిగే చొక్కాతోనే చిక్కు. గోబీని మైదాలో, మొక్కజొన్న పిండిలో ముంచి నూనెలో వేయిస్తారు. ఆ మొక్కజొన్న పిండినే బండివాళ్ళు కార్న్ ఫ్లోర్ అంటారు.

ఒక పెద్ద చెంచా కార్న్ ఫ్లోర్‌లో సుమారు 7 గ్రాముల పిండి పదార్థం ఉంటుంది. ఒక ప్లేటుకు నాలుగు చెంచాలు పడితే 28 గ్రాములు. రసం చిక్కబడడానికి ఇంకో చెంచా కలిపితే 7. టమాటా సాస్ ఒక చెంచాకు 4. గోబీకి 5. మొత్తం కూడండి. 44 గ్రాములు! 150 గ్రాముల అన్నం తిన్నా అంత రాదు. అన్నం వెనక గుమ్మం లోంచి వచ్చినట్టే కాదూ?

చిల్లీ చికెన్ కూడా అంతే. కోడిమాంసంలో పిండి పదార్థం ఉండదు. పైన పట్టించిన పిండిలో ఉంటుంది.

ఈ వంట పేరుకు చైనాదే. కాని మన బండి మీద దొరికే రుచి మన దేశంలో తయారైంది. కలకత్తాలో చాలా కాలంగా చైనావాళ్ళు స్థిరపడి ఉన్నారు. అక్కడి టాంగ్రా అనే పేటలో హక్కా చైనావాళ్ళు తోళ్ళు పదును చేసేవారు. తరవాత హోటళ్ళు పెట్టారు. మన నాలుకకు తగ్గట్టు పచ్చిమిర్చి, అల్లం, వెల్లుల్లి దట్టించారు. చైనావాళ్ళు తమ ఇళ్ళల్లో ఆవిరి మీద ఉడికించిన చేప తింటారు. వెల్లుల్లితో వేయించిన ఆకుకూరలూ తింటారు. ఆ పద్ధతిలో వండితే షుగరున్నవారికి మేలే.

అయితే షుగరున్న తల్లి బండి దగ్గరికి పోనేకూడదా? పోవచ్చు. కాని నోరు తెరిచి అడగాలి. ఇంటిల్లిపాదికీ ఏం కావాలో అడిగే ఆడమనిషి తనకేం కావాలో అడగదు. మిగిలింది తింటుంది. షుగరు వచ్చాక ఆ అలవాటు పనికిరాదు.

"తమ్ముడూ, ఇందులో కార్న్ ఫ్లోర్ వేస్తావా?"

"వెయ్యకపోతే కరకరలాడదక్కా."

"నాకు కరకర వద్దులే. గోబీ, క్యాబేజీ, క్యాప్సికం వేసి, రెండు గుడ్లు కొట్టి వేయించు. పిండి వద్దు. పంచదార వద్దు. సాస్ కొంచెం చాలు."

"అలాగేనక్కా."

ఇంతే! ఇందులో సిగ్గు పడాల్సింది ఏముంది? డబ్బులిచ్చి కొంటున్నాం.

గుడ్డులో పిండి పదార్థం 1 గ్రాము కూడా ఉండదు. పిండి పట్టించని కోడిమాంసం, చేప, రొయ్యలు, పనీరు, పుట్టగొడుగులు – వీటిలో ఏదైనా మంచిదే. సూప్ కావాలంటే పిండి కలపని పల్చటి సూప్ అడగాలి. చిక్కటి సూప్‌లో కార్న్ ఫ్లోర్ ఉంటుంది. పిల్లల పళ్ళెంలోంచి రెండు ముద్దల అన్నం తినాలనిపిస్తే ముందు కూర, గుడ్డు తినాలి. అన్నం చివర తినాలి. అప్పుడు చక్కెర కాస్త నెమ్మదిగా ఎక్కుతుంది.

సోయా సాస్‌లో పిండి తక్కువ. కాని ఉప్పు చాలా ఎక్కువ. ఒక పెద్ద చెంచాలో సుమారు 2 గ్రాముల ఉప్పు ఉంటుంది. పెద్దవాళ్ళు రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రక్తపోటు ఉన్నవారు సోయా సాస్ చాలా తగ్గించాలి.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. ఎవరో చెప్పారని అన్నం ఒక్కసారిగా మానేయకూడదు. ఇన్సులిన్ వేసుకునేవారికి, కొన్ని రకాల షుగరు మాత్రలు మింగేవారికి ఇది ప్రమాదం. మందు పని మందు చేస్తుంది. కడుపులో మాత్రం పిండి ఉండదు. అప్పుడు చక్కెర మరీ పడిపోతుంది. చెమటలు పోస్తాయి. చేతులు వణుకుతాయి. గుండె దడదడలాడుతుంది. కళ్ళు తిరుగుతాయి. పరీక్షలో 70 కంటే తక్కువ వస్తుంది.

అలాంటప్పుడు వెంటనే మూడు చిన్న చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించాలి. 15 నిమిషాల తరవాత మళ్ళీ పరీక్ష చెయ్యాలి. ఇంకా 70 కంటే తక్కువగానే ఉంటే మళ్ళీ ఇవ్వాలి. స్పృహ తప్పిన మనిషి నోట్లో మాత్రం ఏమీ పొయ్యకూడదు. 108కి ఫోను చెయ్యాలి. కనుక అన్నం ఎంత తగ్గించాలో, దానికి తగ్గట్టు మందు ఎంత మార్చాలో డాక్టరే చెప్పాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు తప్పకుండా ముందు అడగాలి.

చదువు నేర్చిన అక్కచెల్లెళ్ళకు ఇంకో ఆయుధం ఉంది. అదే అంకె. సాస్ సీసా మీద, నూడుల్స్ ప్యాకెట్టు మీద ఒక చిన్న పట్టిక ఉంటుంది. మాటలు ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటాయి. బడికి పోయే పిల్లను పిలిచి, "కార్బోహైడ్రేట్ అని ఎక్కడ రాశారే?" అని అడగండి. అది పిండి పదార్థం. ఆ వరసలో అంకె మీరే చదవండి. ప్యాకెట్టు నూడుల్స్ మీద 100 గ్రాములకు 60 చుట్టుపక్కల ఉంటుంది. అదెంత ఎక్కువో ఇప్పుడు మీకు తెలుసు.

పరీక్ష చీటీ మీద కూడా అంకెలే ఉంటాయి. పరగడుపున చక్కెర 126 గాని అంతకు మించి గాని ఉంటే షుగరు జబ్బు ఉందేమోనని డాక్టరు మళ్ళీ పరీక్ష చేయిస్తారు. 30 ఏళ్ళు దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఈ పరీక్ష చేస్తారు. చీటీ చేతికి రాగానే మడిచి కొంగున ముడి వేసుకోకండి. విప్పి చదవండి. అర్థం కాకపోతే అక్కడే నిలబడి అడగండి.

పిండి ఎన్ని వేషాలైనా వేస్తుంది. పేరు మారుస్తుంది, రంగు మారుస్తుంది, కరకరలాడుతుంది. అంకె మాత్రం వేషం వెయ్యదు. ఆ అంకె చదవడం మీకు వచ్చు.