తరి నలభై, ఖుష్కి నలభై

శాలువా కప్పారు, సంతోషం. ఈ ఎండల్లో శాలువా ఏమిటని అడగను, ఆనవాయితీ. నన్ను పరిచయం చేసిన తమ్ముడు చెప్పిన గొప్పల్లో సగం మా గురువుగారివి. ఆయన పటానికి దండ వేశారు గానీ అద్దం తుడవలేదు. రేపైనా చూడండి.

నాకిచ్చిన విషయం హింస, రాజ్యాధికారం, ఆర్థిక న్యాయం మీద సామాన్యుడి అభిప్రాయం. మూడు ముక్కల్లో చెబుతానని కార్యదర్శికి మాటిచ్చాను.

మొదటిది హింస. సామాన్యుడి అభిప్రాయం కావాలంటే మన కోర్టు గేటు బయట టీ కొట్టు దగ్గర పది నిమిషాలు నిలబడితే చాలు. మెడలో గొలుసు తెంపుకుపోయినవాణ్ణి కరెంటు స్తంభానికి కట్టేసి నాలుగు తగిలించారట, మంచి పని చేశారు సార్ అంటాడు ఒకాయన. వారం తిరక్కుండా ఆయన తమ్ముడి కొడుకును స్టేషన్లో కూర్చోబెడతారు. పొద్దు పోయాక మనింటి తలుపు తడతాడు. "పిల్లాడి మీద చెయ్యి వేశారు సార్, వేసే అధికారం వాళ్లకుందా?" అని నిలదీస్తాడు. నాకు నవ్వు రాదు. రెండుసార్లూ ఆయన మనస్ఫూర్తిగానే మాట్లాడాడు.

2019 డిసెంబర్ 6న చటాన్‌పల్లి దగ్గర దిశ అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆ ఆడపిల్లకు జరిగిన ఘోరానికి రగలని గుండె లేదు, పూలు చల్లినవాళ్లను నేను తిట్టను. కానీ ఆ రోజు నల్లకోటు వేసుకున్నవాళ్లు కూడా మిఠాయి పంచుకోవడం చూశాను. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని చెప్పి, 10 మంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని సిఫారసు చేసింది. ఆ నివేదిక 2022లో బయటికొచ్చింది. మిఠాయి తిన్నవాళ్లలో ఎంతమంది చదివారో నేను అడగలేదు. వాయిదా మీద వాయిదా తీసుకునే మనమే జనానికి ఆ పూలబుట్టలు అందించామని మాత్రం నా అనుమానం.

సరే, భూమి సంగతికి వద్దాం. ఈ జిల్లాల్లో పుట్టి హింస గురించి మాట్లాడుతూ భూమి ఎత్తకపోతే ఆ మాటకు హద్దులుండవు.

పోచంపల్లికి మీలో చాలామంది వెళ్లే ఉంటారు, చీరలకు. 1951 ఏప్రిల్ 18న అక్కడ జరిగింది ఒకసారి తలుచుకోండి. శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం ముగించుకుని వినోబా భావే నల్లగొండ పల్లెల వైపు నడక పట్టారు. ఊళ్ల పరిస్థితి ఏమిటి? పగలు పోలీసులు, రాత్రి కమ్యూనిస్టు దళాలు. ఎవరికి అన్నం పెట్టినా రెండోవాళ్లతో దెబ్బలు. అలాంటి రోజుల్లో పోచంపల్లి దళితవాడ మనుషులు ఆయన ముందుకొచ్చి, మాకు భూమి కావాలన్నారు. ఎంత కావాలని అడిగారాయన.

ఇక్కడ కొంచెం ఆగుతాను. ఈ భూదానం కథ చెప్పేవాళ్లంతా వెదిరె రామచంద్రారెడ్డి గారు లేచి నూరెకరాలు ఇస్తాననడం దగ్గర చప్పట్లు కొడతారు. కొట్టాల్సిందే, ఆ రోజుల్లో నూరెకరాలు మాటలు కాదు. నా కళ్లు మాత్రం ఎప్పుడూ అంతకు ముందటి మాట దగ్గరే ఆగుతాయి. వాళ్లు ఎంత అడిగారు? ఎనభై ఎకరాలు. తరి నలభై, ఖుష్కి నలభై. ఉన్నవి నలభై కుటుంబాలు. అంటే ఇంటికి ఎకరం తరి, అదే మాగాణి, ఎకరం ఖుష్కి, అదే మెట్ట. తిండికి వరి, పైఖర్చుకు మెట్ట పంట. లెక్క ముందే వేసుకుని వచ్చారన్నమాట. "దయతో మీకు తోచినంత ఇప్పించండి" అనలేదు. దొర భూమంతా మాకే అని కూడా అనలేదు. వినోబా మొదట సర్కారుకు దరఖాస్తు పంపుదామనుకున్నారు. ఆ తర్వాతే ఊరివాళ్ల వైపు తిరిగి, మీరేమైనా చేయగలరా అన్నారు.

ఆ ఒక్క సంఘటనలో నాకిచ్చిన మూడు విషయాలూ ఉన్నాయి చూడండి. ఊరి చుట్టూ తుపాకులు, ఎక్కడో హైదరాబాదులో దరఖాస్తు తీసుకునే సర్కారు, మధ్యలో ఇంటికి రెండెకరాల లెక్క. ఆ లెక్కకు సకాలంలో ఎవరో ఒకరు జవాబు చెప్పి ఉంటే తుపాకీ అంత దూరం వచ్చేది కాదని నా అభిప్రాయం. చాకలి ఐలమ్మ సంగతే చూడండి. తాను కౌలుకు చేసిన పొలంలో పండిన పంట తన ఇంటికి రావాలంది, అంతే. విసునూరు దేశ్‌ముఖ్‌తో కోర్టులో కూడా తలపడింది. ఆమె తరఫున వాదించింది కొండా లక్ష్మణ్ బాపూజీ, తీర్పు ఆమె వైపే వచ్చింది. తీర్పు చేతిలో ఉన్న మనిషి పంట కాపాడుకోవడానికి కర్ర పట్టాల్సి వచ్చింది. దేశ్‌ముఖ్ గడీకి ఆ తీర్పు అందలేదు కాబోలు! కడివెండిలో ఆ దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య ప్రాణం పోయింది 1946 జూలై 4న. ఆ తర్వాత సాయుధ పోరాటంలో జరిగినవి మీకు నేను చెప్పాలా?

జూనియర్ తమ్ముళ్లూ, ఆ పోచంపల్లి దళితవాడవాళ్లు అడిగినంత స్పష్టంగా ఇవాళ మన దావాల్లో అడుగుతున్నామా? ఈ మధ్య ఒక జూనియర్ తన దావా చూసిపెట్టమని తెచ్చాడు. క్లయింటు ముసలావిడ. గుడ్డలో చుట్టుకుని రక్షిత కౌలుదారు సర్టిఫికెట్ పట్టుకొచ్చింది. మడతల దగ్గర చిరిగి, అన్నం మెతుకులతో అతికించి ఉంది. ఏం కావాలమ్మా అంటే, బావి పక్క ఏడు గుంటలు నాయనా, తూర్పున చింతచెట్టు, పడమర బండ్లబాట అని గడగడా చెప్పింది. మనవాడి దావాలో ఏముంది? షెడ్యూలు హద్దుల్లో ఉత్తరాన చెరువు కట్ట. ఆ ఊళ్లో చెరువే లేదు! పాత ఫైలులోంచి కాపీ కొట్టి పేరు మార్చాడు. ప్రార్థన పేరాలో "న్యాయస్థానానికి తోచిన ఇతర ఉపశమనం" మాత్రం మూడుసార్లుంది. మా గురువుగారైతే ఆ కాగితం మొహాన కొట్టి, ముందు పొలం గట్టు మీద నిలబడి రారా అనేవారు. వెళ్లేవాళ్లం కూడా. ఇప్పుడు ఫోనులో మ్యాపు చూపిస్తారు, అందులో చింతచెట్టు ఉండదు.

రెండోది, రాజ్యాధికారం. క్లుప్తంగా చెబుతాను. అరెస్టు చేసేటప్పుడు పోలీసులు ఏమేం పాటించాలో డి.కె.బసు కేసులో సుప్రీంకోర్టు పదకొండు సూచనలిచ్చింది. సెక్షన్ల నంబర్లు 2024 జూలై 1న మారాయి గానీ ఆ పదకొండూ మారలేదు. ఆ స్టేషన్లో కూర్చోబెట్టిన పిల్లాడి పెదనాన్నకు అవి తెలుగులో ఒక కాగితం మీద రాసివ్వండి. గొలుసుదొంగ కూడా ఎవరికో కొడుకేనని ఆయనే చదువుకుంటాడు.

వెనక బెంచీలో గడియారం చూస్తున్నారు, కనిపిస్తోంది. బగారా అన్నం వాసన నాక్కూడా వస్తోంది.

మూడోది ఆర్థిక న్యాయం. పేదోడికి భూమి ఇస్తే అమ్ముకు తింటాడని టీ కొట్టు దగ్గర ఇప్పటికీ అంటారు. కూతురి పెళ్లికో, ఆసుపత్రి బిల్లుకో అమ్ముకుంటాడు, నిజమే. అందుకే 1977లో అసైన్డ్ భూముల అమ్మకాన్ని నిషేధిస్తూ చట్టమే తెచ్చారు. మరి పెద్ద రైతు ఏం చేశాడు? భూపరిమితి చట్టం 1973లో వచ్చింది. తరి అయితే 10 నుంచి 27 ఎకరాలు, ఖుష్కి అయితే 35 నుంచి 54 ఎకరాలు అన్నారు. అమలు మాత్రం 1975 జనవరి 1 నుంచి. ఈ సందులో ఎవరెవరి పేర్ల మీదికి భూములు జారాయో టీ కొట్టు దగ్గర ఎవరూ మాట్లాడరు. మీ మీ ఊళ్ల పహాణీలు ఆ ఏళ్లవి తీయించి చూడండి. కొన్నిచోట్ల పట్టాదారు కాలమ్‌లో పాలేర్ల పేర్లు కనిపిస్తాయి, సాగు చేసేది దొరగారే. నేను చూసిన ఒక పహాణీలో...

చిట్టీ అందింది. ఆకులు వేశారట. ఆ పహాణీ జిరాక్సు నా సంచిలోనే ఉంది, భోజనం చేస్తూ చూద్దురు గానీ. చూసేవాళ్లు నా పక్కన కూర్చోండి.