“దాటినదని తెలిసి” – ఇంగ్లీషు వాక్యమున కాలనిర్ణయము

వరదకాలమున భద్రాచలమునుండి వెలువడు వార్త మన భాషలో చాల చిన్నది: “నీరు 53 అడుగులు దాటినది.” అచ్చట గోదావరి 43 అడుగులకు చేరినచో మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. తెలుగున ఈ మాట విన్నవానికి వేరు వివరణ అక్కరలేదు. ఇప్పుడే దాటినదా, దాటి మరల తగ్గినదా యన్నది చెప్పువాని తొందరను బట్టియే తెలియును. ఆ వాక్యమునే ఇంగ్లీషున ఉత్తరముగా వ్రాయబూనినప్పుడు కలము ఆగును. “హ్యాజ్ క్రాస్డ్” అనవలెనా, “హ్యాడ్ క్రాస్డ్” అనవలెనా? దానికి ముందు “వుయ్ ఆర్ సారీ టు ఇన్‌ఫార్మ్ యు దట్” అను మర్యాదపలుకుకూడ చేరినచో చిక్కు రెట్టింపగును.

ఇది పరీక్షకు కూర్చుండు పిల్లవాని చిక్కు మాత్రమే కాదు. ఖమ్మము, భద్రాచలముల అడవి సరిహద్దు ఎన్నిమారులో చేతులు మారిన సీమ. భద్రాచలము, నూగూరు తాలూకాలు 1959లో తూర్పు గోదావరినుండి ఖమ్మము జిల్లాలోనికి వచ్చినవి. 2014లో కూనవరము, చింతూరు మొదలగు మండలములు ఆంధ్రప్రదేశమునకు పోయినవి. 2016లో భద్రాచలము భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో చేరినది. చింతూరు దాటినచో కోంట, అది ఛత్తీస్‌గఢ్. మోటు చేరినచో ఒడిశా. నాలుగు రాష్ట్రములు ఒకదాని నొకటి ఒరసికొను చోట, ఒక కచేరీనుండి మరియొక కచేరీకి పోవు కాగితము తరచుగా ఇంగ్లీషుననే పోవును. ఇక అచ్చటి కోయపిల్లవానికి ఇంగ్లీషు మూడవ భాష. ఇంటిలో కోయ, బడిలో తెలుగు, ఆ పైని ఇంగ్లీషు. అతనికి మనము చెప్పు సూత్రము సరిగా నుండవలెను గదా.

తెలుగున మనకు “అని” యను మహోపకారి కలదు. ఎవడేమి పలికెనో ఆ పలుకును దాని కాలముతో సహా ఎత్తి తెచ్చి “అని”కి ముందు నిలుపుదుము. “నీరు తగ్గినదని చెప్పుచున్నారు”, “నీరు తగ్గినదని చెప్పిరి”, “నీరు తగ్గినదని రేపు చెప్పుదురు” – ఈ మూటియందును “తగ్గినది” అనునది కదలలేదు. ఇంగ్లీషున “దట్” అట్టిది కాదు. దాని వెంట వచ్చు క్రియ ముందటి ప్రధానక్రియవైపు తిరిగి చూచును. ఆ క్రియ గతమైనచో తానుకూడ గతములోనికి ఒక మెట్టు దిగును. “దె సే దట్ ద వాటర్ హ్యాజ్ ఫాలెన్” అందుము. “దె సెడ్ దట్ ద వాటర్ హ్యాడ్ ఫాలెన్” అందుము. ఇంతవరకు మన పాఠశాలలలో చక్కగనే నేర్పుదురు.

అసలు తికమక “టు” నడుమ వచ్చినప్పుడు పుట్టును. “టు హియర్”, “టు లర్న్”, “టు సే” అను వానిని మన తుమున్నర్థకములతో పోల్చవచ్చును. “విన”, “తెలిసికొన”, “చెప్ప” అన్నట్టివి. వీనికి స్వంత కాలము లేదు. “మీ తల్లిగారికి జబ్బు చేసినదని విని చింతించితిని” అను వాక్యమును ఇంగ్లీషు చేయు విద్యార్థి “ఐ వాజ్ సారీ టు హియర్ దట్” అనువరకు నిర్భయముగా వచ్చును. అక్కడ ఆగి వెనుకకు చూచును. “దట్”కు ఆనుకొని కనబడునది “హియర్”. అది వర్తమానమువలె తోచును. వెంటనే “యువర్ మదర్ హ్యాజ్ బీన్ ఇల్” అని ముగించును. “హియర్” రేవులోని పడవవంటిది. దాటించునే గాని తాను ఒడ్డు కాదు. కాలము దానికి ఆవల “వాజ్”లో నున్నది. అందుచేత “హ్యాడ్ బీన్ ఇల్” అనవలెను. ముందున్నది “ఐ యామ్ సారీ టు హియర్” అయినచో “హ్యాజ్ బీన్ ఇల్” సరిపోవును. భవిష్యత్తుతో పెద్ద పేచీ లేదు: “యువర్ ఫాదర్ విల్ బి గ్లాడ్ టు హియర్ దట్ యు హ్యావ్ పాస్డ్.” తండ్రి వినుట రేపైనను “విల్ హ్యావ్ పాస్డ్” అనుట అనవసరపు బరువు.

తుమున్నర్థకమునకు కాలము లేదంటిమి. గతము చెప్పవలసివచ్చినప్పుడు ఇంగ్లీషువారు దానికే “హ్యావ్” తగిలింతురు. దుమ్ముగూడెము మండలమున పర్ణశాల యున్నది. “అచ్చట రాముడు నివసించెనని నమ్ముదురు” అనుటకు రెండు త్రోవలు: “ఇట్ ఈజ్ బిలీవ్డ్ దట్ రామ లివ్డ్ దేర్” అని యొకటి, “రామ ఈజ్ బిలీవ్డ్ టు హ్యావ్ లివ్డ్ దేర్” అని రెండవది. “హ్యావ్” విడిచి “టు లివ్ దేర్” అన్నచో రాముడు నేటికిని అక్కడనే కాపురమున్నాడని యర్థము. భక్తున కది సమ్మతమే, పరీక్షాధికారికి కాదు. ఈ “టు హ్యావ్” వచ్చిన చోట “దట్” దానినే గతముగా నెంచును: “ఐ యామ్ సారీ టు హ్యావ్ సెడ్ దట్ యు హ్యాడ్ గాన్.” ముందు “యామ్” ఉన్నను “హ్యాడ్” వచ్చుటకు కారణ మిదియే.

ఇప్పుడు భూమి మాటకు వత్తము. ఈ అడవులలో పోడు చేసికొని బ్రతుకువారికి 2006 నాటి అటవీహక్కుల చట్టము ముఖ్యమైనది. గిరిజన కుటుంబము 2005 డిసెంబరు 13కు ముందే ఆ భూమిని స్వాధీనమున నుంచుకొని యుండవలెను. నిజముగా స్వాధీనమున నున్నంత మేరకే, 4 హెక్టారులకు మించకుండ, హక్కు లభించును. అనగా పూర్వ మెప్పుడో సాగు చేసితిమనుట చాలదు. నేటికిని చేయుచున్నామని తేలవలెను. గ్రామసభకు ఇచ్చుకొను దరఖాస్తు తెలుగున నుండవచ్చును. చిక్కంతయు దానిని పైవారికొరకు ఇంగ్లీషునకు మార్చువానిది.

“ఈ భూమిని 1998 నుండి సాగు చేసియున్నామని మనవి” అను దానిని “వుయ్ బెగ్ టు స్టేట్ దట్ వుయ్ హ్యావ్ కల్టివేటెడ్ దిస్ లాండ్ సిన్స్ 1998” అని మార్చినచో ఒప్పు. ప్రధానక్రియ “బెగ్”, అది వర్తమానము. “సిన్స్”తో కూడిన “హ్యావ్” నాటినుండి నేటివరకు అని చెప్పును. ఆ చోట “హ్యాడ్” పెట్టినచో చదువు అధికారికి “మరి ఎప్పుడు మానిరి?” అను సందేహము పుట్టును. పేదవాని కాగితముమీద అట్టి సందేహము పుట్టనీయరాదు.

దీనిలో వింత యేమనగా, అదే “హ్యాడ్” మరియొక కాగితముపై దోషము కాదు. విచారణ ముగిసిన పిదప ఉత్తరువున “దె వర్ ఏబుల్ టు షో దట్ దె హ్యాడ్ కల్టివేటెడ్ ద లాండ్ సిన్స్ 1998” అని వ్రాయుదురనుకొందము. ఇచ్చట సాగు మానిరని యర్థము కానే కాదు. ముందు “వర్” ఉన్నది కనుక, “షో” మీదుగా ఆ గతము వచ్చి “హ్యావ్”ను ఒక మెట్టు దింపినది, అంతే. కాని ఆ ఉత్తరువులోని ముక్కను యథాతథముగా కత్తిరించి, రేపటి దరఖాస్తులో “వుయ్ బెగ్ టు స్టేట్” క్రింద అతికించినచో “హ్యాడ్” తన పాత విలువను పోగొట్టుకొని మరియొక విలువ తెచ్చుకొనును. నకలు వ్రాయువారు ఈ యొక్క చోట నిదానింపవలెను. మమ్ము అడిగినచో దరఖాస్తులలో “హ్యావ్ బీన్ కల్టివేటింగ్” అనుటయే మేలందుము. అది మన “చేసికొనుచున్నాము”కు దగ్గర, సందేహమునకు తావీయదు.

తారీఖు చెప్పునప్పుడు మరియొక జాగ్రత్త కావలెను. భద్రాచలమున గోదావరి 1986 ఆగస్టు 16న 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరినది. “ఐ హ్యావ్ టు స్టేట్ దట్ ద రివర్ హ్యాజ్ రీచ్డ్ 75 ఫీట్ ఇన్ 1986” అని మనవారు తరచు వ్రాయుదురు. సంవత్సరము చెప్పిన పిదప “హ్యాజ్” నిలువదు. “రీచ్డ్” అని ఊరకొనవలెను. “వుయ్ వర్ సర్‌ప్రైజ్డ్ టు రీడ్ దట్ ద రివర్ హ్యాడ్ రీచ్డ్ 75 ఫీట్ ఇన్ 1986” అన్నచో మాత్రము బాధ లేదు. “హ్యాడ్”కు సంవత్సరముతో పొత్తు కుదురును, “హ్యాజ్”కు కుదరదు.

మెట్టు దిగు నియమమునకు ఒక మినహాయింపు కలదు. తెచ్చిన వార్త ఇంకను చల్లారనప్పుడు, ముందు గతమున్నను క్రియను దింపనక్కరలేదు. వరదకబురు అట్టిదే. దిగువనున్న కూనవరమునకు ఫోనుచేసి “ఐ వాజ్ ఆస్క్డ్ టు టెల్ యు దట్ ద వాటర్ హ్యాజ్ క్రాస్డ్ 53 ఫీట్” అనుటయే అచ్చట తగినది. “హ్యాడ్ క్రాస్డ్” అన్నచో వ్యాకరణమున తప్పు పట్టలేము గాని, ఆవల వినువాడు గండము గడచినదనుకొని సామాను సర్దుట మానవచ్చును.