పెట్టె మీది ముద్ర

జనగామలో చదివినప్పుడు మనకు కడుపులోని ఏలికపాములే తెలుసు. చెట్టు కట్టెలోనూ నులిపురుగులుంటాయని నాకు భూపాలపల్లిలో, విదేశీ యంత్రాలొచ్చిన చెక్కపెట్టెల వల్ల తెలిసింది. వాటి మీద గోధుమకంకి ముద్ర, పక్కన ‘హెచ్‌టీ’. కంపెనీ గుర్తనుకున్నాను. చెక్క నడుమ దాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు పట్టించారని దానర్థమట! మిల్లీమీటరు పొడవుండే పైన్ నులిపురుగు లాంటివి చావాలంటే అంత కావాలి. ఉత్తర అమెరికా నుంచి జపాన్ చేరిన ఆ పురుగు, పెంకుపురుగుల ఒంట్లో దూరి చెట్టు చెట్టుకూ తిరిగి, నీళ్లు పైకెక్కనీయక పైన్ అడవులను ఎండబెట్టింది.

ఇది తెలియక ముందు, ముద్ర చూడకుండా ఎన్ని చెక్కలు బల్లలకని పంచానో! 2021లో మహబూబాబాద్‌లో వాకిట్లో వేప ఎండితే మా బావ ఫోన్ చేశాడు: "మీ పెట్టెల పురుగేనా?" గుండె ఝల్లుమంది. కాదు, అది ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం. నరకొద్దన్నాను. మళ్లీ చిగురించింది.