మూత తీసి చూసే పని
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మీ పని గురించి పిల్లలకు అర్థమయ్యేలా చెప్పమన్నారు. యాప్ ఎలా తయారు చేస్తారో చాలామంది చెబుతారు. తయారైన యాప్ లోపలికి తొంగిచూసే పనిముట్టు గురించి నేను చెబుతాను.

మన పొలాల్లో బోరు మోటారుకు స్టార్టర్ డబ్బా ఉంటుంది. రైతుకు కావలసింది రెండు బటన్లే. మెకానిక్ వస్తే మాత్రం మూత తీసి లోపల చూస్తాడు. ఫోన్ యాప్‌కూ అలాంటి మూత పెట్టుకోవచ్చు. ఆండ్రాయిడ్‌లో హైపీరియన్ అనే పనిముట్టు ఉంది. అమెరికాలోని విల్లోట్రీ సంస్థ దాన్ని తయారుచేసి, కోడ్‌ను అందరికీ ఉచితంగా ఇచ్చింది. పరీక్ష కోసం కట్టిన యాప్‌లో ఫోన్‌ను ఊపితే పక్కనుంచి ఒక మెనూ వస్తుంది. తెర మీది కొలతలు, క్రాష్ వివరాలు అందులో చూడవచ్చు. అందులో లేనిది కావాలంటే మనమే ఒక ప్లగిన్ రాసి చేర్చుకోవచ్చు.

ఎందుకు రాయాలి? మన ఊరి ఉదాహరణే చెబుతాను. తుర్కపల్లి అంటే ఇప్పుడు జీనోమ్ వ్యాలీ. కోవాగ్జిన్ తయారుచేసిన భారత్ బయోటెక్ ఇక్కడే ఉంది. చాలా టీకాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. హెపటైటిస్-బి వంటి టీకా ఒకసారి గడ్డకడితే పాడైపోతుంది. కరిగాక చూపుకు తేడా తెలియకపోవచ్చు. అందుకే ఫ్రిజ్‌లో ఉష్ణోగ్రత రికార్డర్లు పెడతారు. 30 రోజుల రికార్డర్లలో సాధారణ అమరిక ఇది: 8 డిగ్రీలు దాటి వరుసగా 10 గంటలున్నా, మైనస్ 0.5కు దిగి 60 నిమిషాలున్నా అలారం మోగాలి.

మా బృందం ఇలాంటి రీడింగులు చూపే యాప్ మీద పనిచేసింది. అలారం మోగుతుందో లేదో చూడాలంటే ప్రతిసారీ 10 గంటలు కాచుకోవాలా? అందుకే ఒక ప్లగిన్ రాశాం. మెనూలో ఒక స్లైడర్, ఒక బటన్. స్లైడర్ జరిపితే ఉష్ణోగ్రత మారుతుంది, బటన్ నొక్కితే గడియారం గంట ముందుకు పోతుంది.

రాయడం పెద్ద కష్టం కాదు. ప్లగిన్ అనే తరగతిని ఆధారం చేసుకుని మన తరగతి రాయాలి. అది ఒక మాడ్యూల్‌ను ఇస్తుంది, మాడ్యూల్ తెర మీద కనిపించే భాగాన్ని ఇస్తుంది. ఆటోసర్వీస్ అనే గుర్తు పెడితే మన తరగతి పేరు ఒక జాబితాలో చేరుతుంది. హైపీరియన్ ఆ జాబితా చదివి మనల్ని వెతుక్కుంటుంది. దాని అసలు కోడ్‌లో ఒక్క అక్షరమూ మార్చనక్కర్లేదు.

కష్టం వేరేచోట ఉంది. బటన్ నొక్కగానే నేరుగా అలారం మోగిస్తే పరీక్షించింది ఏమీ లేదు. గంట పనిచేస్తుందని మాత్రమే తెలుస్తుంది. నకిలీ రీడింగ్ కూడా సెన్సర్ రీడింగ్ వచ్చే దారిలోనే రావాలి. అప్పుడే లెక్క, నిల్వ, హెచ్చరిక అన్నీ పరీక్షకు నిలుస్తాయి. ఆ రీడింగ్ అసలు సర్వర్‌కు పోకూడదు. తెర మీద "ఇది పరీక్ష" అన్న ఎర్ర పట్టీ ఉండాలి.

అన్నిటికన్నా ముఖ్యం, ఈ మూత ఆరోగ్య కేంద్రంలో ఏఎన్ఎం చేతి ఫోన్‌లోకి వెళ్లకూడదు. వెళితే చేయి తగిలి వచ్చిన అబద్ధపు 5 డిగ్రీలను నమ్మి, పాడైన టీకాను పసిబిడ్డకు వేస్తారు. కాబట్టి ప్లగిన్‌ను డీబగ్ బిల్డ్‌కే జతచేస్తాం. జత చేయలేదన్న నమ్మకంతో ఆగం. విడుదలకు ముందు ఏపీకే ఫైల్‌ను ఆండ్రాయిడ్ స్టూడియోలోని అనలైజర్‌తో తెరిచి, ఆ తరగతి పేరు లేదని కళ్లతో చూస్తాం.

పిల్లలూ, ఎవరో చేసిన వస్తువును వాడటం దగ్గరే ఆగకండి. మూత తీయండి, మీకు కావలసిన ముక్క చేర్చండి, పరీక్షించండి, మళ్లీ మూత భద్రంగా బిగించండి. ఆండ్రాయిడ్ స్టూడియో కూడా ఉచితమే. తెలుగు మీడియం అని వెనుకాడకండి, కోడ్‌లో వాడే ఇంగ్లిషు మాటలు కొన్నే. వేసవి సెలవుల్లో నలుగురు ముందుకొస్తే, మన బడి కంప్యూటర్ల గదిలోనే మొదటి ప్లగిన్ రాయిస్తాను. పేర్లు హెడ్‌మాస్టర్ గారికి ఇవ్వండి.