పెట్రోలు బంకునకు భూమి కౌలు: తెలియవలసిన కొన్ని మాటలు



గుంటూరు సీమనుండి ఒంగోలు దాటువఱకు 16వ నంబరు జాతీయ రహదారి వెంట బోవువారికి ప్రత్తిచేల నడుమను మిరపతోటల నడుమను పెట్రోలు బంకులు తఱచుగా గానవచ్చును. వానిలో కొన్ని రైతుల భూములయందు కౌలుమీద వెలసినవే. తాతలనాటి చేనిని ఇరువది, ముప్పది యేండ్లకు ఒరులకు అప్పగించునప్పుడు మనము వ్రాలుచేయు దస్తావేజులోని మాటలు మనకు క్రొత్తవి. పదముల కర్థము చెప్పుటయే వృత్తిగా బ్రతికినవాడను గనుక, నేడు అట్టి మాటలను నాలుగింటిని మీకు విప్పి చెప్పెదను.

మొదటిది లీజు. ఇది మన కౌలే. 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము ప్రకారము లీజువలన అనుభవించు హక్కు మాత్రమే పోవును. స్వామ్యము భూస్వామియొద్దనే నిలుచును. పూర్వము దొర కౌలు వ్రాసి యిచ్చెడివాడు, రైతు ముచ్చిలిక వ్రాసి యిచ్చెడివాడు. ఇప్పు డొక్క దస్తావేజుమీదనే ఇరువురును వ్రాలుచేయుదురు. ఏడాదికి మించిన కౌలు రిజిష్టరు కావలెనని చట్టము. కావున బంకు కౌలునకు నోటిమాట చాలదు, తెల్లకాగితమును చాలదు.

రెండవది రెన్యూవలు, అనగా గడువు తీరిన పిమ్మట కౌలును మరల సాగించుట. ఈ చిన్నమాటలో నెంత బరువున్నదో చరిత్రయే చెప్పుచున్నది. 1974లో ఎస్సో కంపెనీ వ్యాపారమును, 1976లో బర్మాషెల్ కంపెనీ వ్యాపారమును ప్రభుత్వము స్వాధీనము చేసికొనెను. ఆ చట్టములలో, పాత కౌళ్లను కోరినయెడల పూర్వపు షరతులమీదనే మరల సాగించుకొనవచ్చునని యుండెను. పూర్వపు షరతులనగా పూర్వపు అద్దెయే గదా! దేశమంతట భూస్వాములు న్యాయస్థానముల కెక్కిరి. మన రాష్ట్రమునుండి పోయిన యొక వ్యాజ్యములో 2007వ సంవత్సరమున సుప్రీంకోర్టు, ప్రభుత్వ సంస్థ యట్టి హక్కును న్యాయముగను యుక్తముగను వినియోగింపవలెనని చెప్పెను. అది ప్రత్యేక చట్టపు సంగతి. మన దస్తావేజులో మనమే యట్టి షరతునకు ఒప్పుకొన్నచో తప్పెవరిది? కౌలును మరల సాగించునది ఎవరి యిష్టము? అద్దె యెన్నియేండ్ల కొకమాఱు ఎంత పెరుగును? ఈ రెండును అంకెలలో వ్రాయించుకొనుడు.

మూడవది మార్ట్‌గేజి, అనగా తనఖా. దస్తావేజులో నిషేధింపనియెడల కౌలుదారు తన కౌలుహక్కును ఇతరులకు తిరిగి కౌలున కీయవచ్చును, తనఖా పెట్టవచ్చును. ఇది యా 1882 చట్టములోని మాటయే. అప్పిచ్చినవానికి దాన సంక్రమించునది కౌలుహక్కే గాని భూమి కాదు. కాని భూస్వామి కూడ హామీదారుగా వ్రాలుచేసి భూమిని తాకట్టు పెట్టినచో కథ మాఱును. 2002వ సంవత్సరపు సర్ఫేసీ చట్టమువలన బ్యాంకులు దావా వేయకయే తాకట్టు ఆస్తిని వేలము వేయగలవు. వ్యవసాయ భూమికి ఆ చట్టమునుండి మినహాయింపు కలదు. బంకు కొఱకు వ్యవసాయేతర భూమిగా మార్చిన చేనికి ఆ రక్షణ నిలువదు. బ్యాంకు కాగితమును చదివించుకొని, అది కౌలునకు సంబంధించినదో భూమికి సంబంధించినదో తేల్చుకొనక వ్రాలు చేయరాదు.

నాలుగవది రెమెడియేషను, అనగా చెడిన నేలను, నీటిని శుద్ధిచేయుట. బంకులో చమురు భూమిలో పాతిన ట్యాంకులయందుండును. ఇనుము కాలక్రమమున త్రుప్పుపట్టును. మన నల్లరేగడి వానకాలమున ఉబ్బి, వేసవిని నెఱ్ఱెలువాఱును. ఆ కదలికకు గొట్టముల యతుకులు సడలవచ్చును. కారిన పెట్రోలు నేలలో దిగి, భూగర్భజలముపై తెట్టువలె తేలును. అందలి బెంజీను కొంత నీటిలో కరగి ప్రవాహముతో ప్రొరుగు బావికి చేరును. బెంజీను రక్తపు కేన్సరును కలిగించునదని వైద్యులు నిర్ధారించిరి. శుద్ధి యనగా చెడిన మన్ను త్రవ్వి తీయుట, నీటిని తోడి వడకట్టుట, చమురును తిను సూక్ష్మజీవులచే విఱుగజేయుట. ఇవి నెలలు, ఒక్కొకయెడ నేండ్లు పట్టు పనులు, ఖర్చును మిక్కుటము.

ఆ ఖర్చెవరిది? చెఱచినవాడే చెల్లింపవలెనను సూత్రమును సుప్రీంకోర్టు 1996లోనే స్థిరపఱచెను. 2025లో కేంద్రప్రభుత్వము కలుషిత స్థలములకై ప్రకటించిన నియమములలోను బాధ్యుడే వ్యయము భరింపవలెనని యున్నది. అయితే చెఱచినది ఎవరని ఋజువు చేయవలెను గదా! ముప్పది యేండ్ల పిమ్మట, "మేము రాకమునుపే నేల యిట్లుండెను" అని కౌలుదారు పలికిన, మనయొద్ద నేమి సాక్ష్యము కలదు? కావున కౌలు మొదటి దినముననే మన్నును, బావినీటిని ప్రయోగశాలలో పరీక్షింపించి, ఆ ఫలితమును దస్తావేజునకు జతపఱుపవలెను. దీనిని బేస్‌లైను అందురు. మన పొలము గట్టున పాతుకొన్న సరిహద్దురాయి వంటిదది.

ఇంకొక్క సంగతి. కౌలు ముగియునప్పుడు తాను బిగించినవానిని కౌలుదారు తీసికొనిపోవచ్చునని చట్టములో నున్నది; స్థలమును మునుపటి స్థితిలో అప్పగింపవలెననియు నున్నది. ఐనను "ట్యాంకులను, గొట్టములను గడువులోగా పెకలించి, నేలను పరీక్షింపించి, చెడినచో శుద్ధిచేసి యప్పగింపవలెను, అంతవఱకు అద్దె చెల్లింపవలెను" అని స్పష్టముగా వ్రాయించుకొన్ననే వివాదమునకు తావుండదు. ట్యాంకు మిగిలిన నేలలో ప్రత్తి విత్తలేము, ఇల్లు కట్టలేము, అమ్మజూపినను కొనువాడు వెనుదీయును.

బంకు వలదని నా మాట కాదు. వానలు తప్పిన యేట, మిరప ధర పడిన యేట, నెలనెల వచ్చు అద్దె యింటికి ఆధారమే. అయితే అద్దె మన చేతికి వచ్చును, నేల మన మనుమల చేతికి పోవును. మీ యూర నెవరైన నిట్టి దస్తావేజు తెచ్చి మీ సలహా కోరినచో, అద్దె యెంతయని యడుగుటకు ముందు ఈ నాలుగు మాటలు అందెట్లున్నవో చదివించి చూడుడు. పిదప వకీలునకు చూపింపుడు.

సెలవు.