తప్పు కనిపెట్టుటకు కూలి లేదా?

(మండల కేంద్రమున జరిగిన పంచాయతీ సభ్యుల సమావేశములో ఒక గ్రామ మెకానిక్ చేసిన ప్రసంగ పాఠము)



వేదిక నెక్కి మాటలాడుట నాకు అలవాటు లేదు. నా పని బండి ప్రక్కన గొంతుకూర్చుండి చేయవలసినది. విజయవాడ ఆటోనగరులో ఒక మేస్త్రీ వద్ద పని నేర్చుకొని, ఇరువది రెండేండ్ల క్రిందట మన అడ్డరోడ్డు వద్ద రేకుల షెడ్డు వేసుకొంటిని. మీలో చాలమంది బండ్లు నా చేతి మీదుగా పోయినవే. కనుక నేను చెప్పబోవు సంగతులు కొందరికి తమను గురించి చెప్పినట్లు తోచవచ్చును. కోపగింపవలదని ముందుగనే వేడుకొనుచున్నాను.

గత వర్షాకాలమున పాలు పోయు రైతు ఒకరు తమ మోటారు సైకిలును నెట్టుకొని వచ్చిరి. ఆయన ఈ సభలో నున్నారో లేరో నేను చూడలేదు. బండి కదలిన కొంతసేపటికే ఆగిపోవుచుండెను. ముందు దినము పట్నములో కొత్త ప్లగ్గు వేయించిరి, గాలి ఫిల్టరు మార్పించిరి, ఫలితము లేదు. ఉదయము తొమ్మిది గంటలకు పని మొదలిడితిని. ప్లగ్గు నిప్పు చూచితిని, బ్యాటరీ చూచితిని, పంపు చప్పుడు వింటిని. అన్నియు సరిగానే యున్నవి. తుదకు ట్యాంకు దింపి, అందలి పెట్రోలును గాజు సీసాలో పోసి నిలువబెట్టగా, అడుగున వేరొక పొర కనబడెను.

నేటి పెట్రోలులో నూటికి 20 పాళ్ళ వరకు ఇథనాలు కలిసియుండును. ఇథనాలునకు నీరనిన ప్రీతి. నీరు మితిమీరి చేరినచో అది పెట్రోలును విడిచి, నీటితో గూడి అడుగునకు దిగును. పంపు పీల్చునది ఆ అడుగునుండియే. ట్యాంకు మూత రబ్బరు చిట్లియున్నది. బండిని చూరుక్రింద నిలుపు అలవాటు వారికి గలదు. వాననీరు దిగినది. ట్యాంకు కడిగి, ఆరబెట్టి, కొత్త పెట్రోలు పోయగా బండి ఒక్క తాపులో లేచినది. అప్పటికి మధ్యాహ్నము రెండు గంటలైనది. మూడువందల రూపాయలు అడిగితిని.

“ఏ పార్టు వేసినావు?” అని అడిగిరి.

“పార్టేమియు వేయలేదండి, ట్యాంకులో నీరు...”

“ఏమియు వేయకుండ మూడువందలు దేనికయ్యా?”

నూరు రూపాయలు నా చేతిలో బెట్టి వెడలిపోయిరి. అక్కరలేని ప్లగ్గును, ఫిల్టరును వేసిన పట్నపు షాపునకు మాత్రము అడిగినంతయు చెల్లించియే వచ్చిరి.

అయ్యలారా, నాడి చూచిన వైద్యునికి, మందు వ్రాయకున్నను, ఫీజు ఇచ్చెదము. మా చూపునకు మాత్రము వెల లేదు. ఆనాడు పంపు పోయినదని చెప్పి రెండువేల పార్టు బిగించియుండిన, ఆయన మారుమాట లేక ఇచ్చియుండెడివారు. ఈ దురాశ నాకు కలుగలేదనిన అబద్ధమగును. నిజము చెప్పిన మెకానిక్‌కు నూరును, బొంకిన మెకానిక్‌కు వేలును ముట్టుచుండగా, మీ ఊరిలో చివరకు మిగులువా డెవడో మీరే యోచింపుడు.

కొత్త బండ్లతో ఈ చిక్కు మరింత పెరిగినది. 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్. 6 ప్రమాణములు వచ్చినవి. అంతకుముందు కార్బురేటరు బండిని చెవితో విని, స్క్రూడ్రైవరుతో సరిచేయుచుంటిమి. ఇప్పుడు పెట్రోలును కొలిచి చిమ్ము పని చిన్న కంప్యూటరు చేతిలో నున్నది. ఏదేని తప్పు వచ్చిన మీటరులో దీపము వెలుగును. స్కానరు తగిలించిన ఒక సంకేత సంఖ్య కనబడును. ఆ సంఖ్య రోగలక్షణమే గాని రోగము కాదు. “పెట్రోలు చాలలేదు” అని చూపినచో, పంపు బలహీనమైయుండవచ్చును, ఇంజెక్టరు పూడియుండవచ్చును, గొట్టము చీలి గాలి చొరబడుచుండవచ్చును, సెన్సారే అబద్ధమాడుచుండవచ్చును. ఏది నిజమో మరల మనిషియే వెదకవలెను. అన్ని కంపెనీల బండ్లను పూర్తిగా చదువు స్కానరు మావంటివారికి దొరకదు. వైర్ల పటములు బయటివారికి చిక్కుటయు కష్టమే.

ఈ కష్టము మా ఊరి మెకానిక్‌లదే కాదు. విడిభాగములను, పరీక్షా పరికరములను బయటి మెకానిక్‌లకు అందనీయనందులకు 2014 ఆగస్టు 25న భారత పోటీ కమిషన్ 14 కార్ల కంపెనీలకు రమారమి 2,544 కోట్ల రూపాయల జరిమానా విధించినది. వ్యవహారము పై న్యాయస్థానములకు పోయినది. 2022 డిసెంబరు 24న కేంద్ర వినియోగదారుల శాఖ ‘మరమ్మతు హక్కు’ పోర్టలును ప్రారంభించినది. మోటారు వాహనములు, వ్యవసాయ యంత్రములు రెండును అందులో గలవు. ట్రాక్టరు గల సభ్యులు దానిని ఒకమారు చూడవలెను.

ఇక మీ వద్దకు వచ్చు తగవుల మాట. ఒకరి బండికి వెనుక బ్రేకు షూలు మార్చితిని. పది దినములకు ఇంజను పట్టివేసినది. ఆయిలు ఎంతకాలము మార్చలేదో, బోల్టు విప్పగా నల్లని జిగురు దిగినది. అయినను చివర చేయి పెట్టినవాడను నేనే గనుక తప్పు నాదని పెద్దల ఎదుట పెట్టిరి. బ్రేకునకు, ఇంజనునకు సంబంధము లేదని ఎంత చెప్పినను వినక, “సగము నీవు భరించుము” అని తీర్చిరి. బోరు పనికి ఆ సగము కట్టుటకు రెండు నెలలు పట్టినది. అరువు బాకీల సంగతి చెప్పను. అది అందరికిని తెలిసినదే.

నాటినుండి చీటీ వ్రాయుచున్నాను. తేది, మీటరు కిలోమీటర్లు, యజమాని చెప్పిన బాధ, నేను కనిపెట్టినది, చేసినది, ఆయన వద్దన్నది. క్రింద ఇరువురి సంతకములు. వెదకుటకు కూలి ఇంత యని అందులో ముందే వ్రాసెదను. తగవు వచ్చినప్పుడు సభ్యులు మొదట ఈ చీటీని అడుగవలెనని నా మనవి. మెకానిక్ చీటీ వ్రాయనిచో అతనినే తప్పుపట్టుడు, నాకు అభ్యంతరము లేదు.

మరియొకటి కలదు. బండ్లనుండి దింపిన పాత ఆయిలును కాలువలో పోయరాదు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థముల నిబంధనల ప్రకారము అనుమతి గల శుద్ధి కేంద్రమువారికే ఇయ్యవలెను. కాని ఒక్క డ్రమ్ము కొరకు వారి బండి ఇంత దూరము రాదు. మండలములోని షెడ్ల ఆయిలు నంతయు ఒకచోట చేర్చుటకు ఏదేని పంచాయతీ నాలుగు గజముల సిమెంటు గచ్చు, పైన రేకు ఇచ్చినచో వారిని పిలిపించు పూచీ నాది. నా డ్రమ్ము షెడ్డు వెనుక నున్నది. మరి జానెడు మాత్రమే ఖాళీ యున్నది.